‘ఫర్మ్’ అనే మాటకి తెలుగులో ఏం పెట్టాలి?

గ్రూపులో అందరికీ నమస్తే. గ్రీన్ స్ట్రీట్ అని 2005లో వచ్చిన సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను, మా ఫ్రెండ్స్ చూడ్డానికే. హార్వర్డ్ నుంచి తీసేసిన అమెరికా కుర్రాడొకడు లండన్ వెళ్ళి, బావ తమ్ముడి పరిచయంతో వెస్ట్ హామ్ ఫుట్‌బాల్ టీమ్ పేరు మీద కొట్లాడే గ్యాంగులో కలిసిపోతాడు, అదీ కథ. వాళ్ళు ఆ గ్యాంగుని ‘ఫర్మ్’ అంటారు, ఇంగ్లిష్‌లో మామూలుగా కంపెనీకి వాడే మాట. ముఠా అని పెడితే దొంగల ముఠాలా ఉంది, సంస్థ అని పెడితే గవర్నమెంటు ఆఫీసులా ఉంది. ఇంకోటి, కొట్లాటలో పారిపోకుండా నిలబడాలి అనే మాట సినిమా అంతా వస్తూనే ఉంటుంది, దానికీ మంచి తెలుగు దొరకట్లేదు. కాస్త చెప్పండి.

—

రౌడీ మూక అని పెట్టెయ్ బ్రదర్. చేసేది అదే కదా, దానికింత ఆలోచన ఎందుకు.

—

తమ్ముడూ, రౌడీ మూక మాత్రం పెట్టకు. అది బయటివాళ్ళు వాళ్ళని అనే మాట, వాళ్ళు తమని తాము అనుకునే మాట కాదు, నువ్వు వెతుకుతున్నది రెండోది.

అసలు ఆ మాట వాళ్ళ నోటికి ఎలా వచ్చిందో చూడు. 1960ల్లో లండన్ ఈస్ట్ ఎండ్‌ని వణికించిన క్రే అన్నదమ్ముల గ్యాంగు పేరే ‘ద ఫర్మ్’. తర్వాత ఫుట్‌బాల్ గ్యాంగులకీ అదే మాట అంటుకుంది. సినిమాలో ఉన్న గ్యాంగు కల్పితం గానీ వెస్ట్ హామ్‌కి నిజంగా ఉండేది ఇంటర్ సిటీ ఫర్మ్. ఆ పేరెందుకంటే, అప్పట్లో వేరే ఊళ్ళో మ్యాచ్ ఉంటే అభిమానుల కోసం స్పెషల్ రైళ్ళు వేసేవాళ్ళు, వాటి మీద పోలీసుల కన్ను ఉండేది, అందుకని వీళ్ళు అవి ఎక్కకుండా మామూలు ఇంటర్‌సిటీ రైళ్ళలో, మెడలో టీమ్ స్కార్ఫ్ లేకుండా, మంచి బట్టలేసుకుని మిగతా ప్రయాణికుల్లో కలిసిపోయి వెళ్ళేవాళ్ళు. లీడ్స్ వాళ్ళది సర్వీస్ క్రూ, అదీ మామూలు సర్వీసు రైళ్ళ మీద పెట్టుకున్న పేరే. పోర్ట్స్‌మత్ వాళ్ళయితే లండన్ వెళ్ళే రైలు టైమునే పేరు చేసుకున్నారు, 6.57 క్రూ అని. ఇంటర్ సిటీ ఫర్మ్ వాళ్ళు అచ్చు బిజినెస్ కార్డుల్లాంటివి ప్రింటు కొట్టించి, దెబ్బలు తిన్నవాడి దగ్గర వదిలేసి పోయేవాళ్ళు, ‘అభినందనలు, మీరు ఇప్పుడే మమ్మల్ని కలిశారు’ అని.

రైలు టైము, కార్డు, నీటుగా బట్టలు, ఇవన్నీ కలిపి చూస్తే ఆ మాటలో ఆఫీసు వాసన ఎందుకుందో తెలుస్తుంది. వాళ్ళలో చాలామందికి వారమంతా ఉద్యోగాలుండేవి, ఇళ్ళల్లో పెళ్ళాం పిల్లలుండేవాళ్ళు. 1989లో బీబీసీలో వచ్చిన ‘ద ఫర్మ్’ అనే టీవీ సినిమాలో గ్యాంగు లీడర్ ఇళ్ళమ్మిపెట్టే ఏజెంటు. మనకి భయం పుట్టాల్సింది అక్కడే. వాళ్ళ నోట్లోంచే ‘మా ముఠా’ అని వచ్చిందంటే ఆ భయం పోతుంది, ఎందుకంటే తెలుగులో ఎవడూ తన మనుషుల్ని ముఠా అనుకోడు.

కాబట్టి ఒకే మాట కావాలని పట్టుబట్టకు. వాళ్ళు మాట్లాడేటప్పుడు ‘మావాళ్ళు’, ‘మన బ్యాచ్’ అని రాయి. మొదటిసారి ఆ అమెరికా కుర్రాడికి వివరించి చెప్పే చోట మాత్రం ‘ఫర్మ్’ అనే ఉంచు, వాడితో పాటు మన ప్రేక్షకుడూ నేర్చుకుంటాడు. పోలీసులు, పేపర్లవాళ్ళు మాట్లాడేటప్పుడు ‘ముఠా’ పెట్టు. అదే మనుషులకి నోటిని బట్టి పేరు మారితే ఎవరు ఎటువైపో వేరే చెప్పక్కర్లేదు.

—

అక్కా, మరి హూలిగన్‌కి? మన పేపర్లలో అల్లరిమూక అని వస్తుంది, అది చాలదా?

—

అల్లరి అనే మాట విచిత్రంగా ఉంటుంది చూడు. ఏకవచనంలో ముద్దుగా ఉంటుంది, అల్లరి పిల్లాడు, అల్లరి చేయకు అంటాం. బహువచనం చేసి అల్లర్లు అనగానే కర్ఫ్యూ, లాఠీచార్జి గుర్తొస్తాయి. అల్లరిమూకలో ఆ రెండో అర్థమే పనిచేస్తుంది, పేపరు హెడ్డింగుకి బావుంటుంది. హూలిగన్ కూడా అలా పేపర్లలోనే పుట్టిపెరిగిన మాట, 1898 ఎండాకాలంలో లండన్ పోలీసు కోర్టు వార్తల్లో మోగిపోయింది. ఒక ఐరిష్ ఇంటిపేరు నుంచి వచ్చిందంటారు గానీ అది ఖాయంగా తేలలేదు.

—

లండన్ ఈస్ట్ హామ్ నుంచి రాస్తున్నానండి. గ్రీన్ స్ట్రీట్ అంటే ఇప్పుడు మాకు చీరల షాపులు, బంగారం షాపులు, క్వీన్స్ మార్కెట్‌లో కూరగాయలు. ఇటువైపు మన తెలుగువాళ్ళు చాలామందే ఉంటారు, చదువుకోడానికొచ్చి రూములు తీసుకున్న పిల్లలైతే ఆ రోడ్డు పేరు మీద సినిమా ఉందంటే నమ్మట్లేదు. వెస్ట్ హామ్ 2016లో స్ట్రాట్‌ఫర్డ్ స్టేడియానికి వెళ్ళిపోయింది, ఈ రోడ్డు పక్కనున్న పాత గ్రౌండు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. మాటకొస్తే ఇక్కడ లాయర్ల ఆఫీసునీ ఫర్మ్ అనే అంటాం, అక్క చెప్పిన ఆఫీసు వాసన నిజమే.

—

అంతా బాగానే ఉంది గానీ ‘మావాళ్ళు’ అని రాస్తే వాళ్ళని హీరోలు చేసినట్టు అవ్వదా అండి? 1985లో బ్రస్సెల్స్‌లో ఏం జరిగిందో మర్చిపోయి మాట్లాడుతున్నాం.

—

మర్చిపోలేదు సార్, మర్చిపోకూడదు కూడా. అక్కడి హేసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు మీదికి దూసుకొస్తే ఇటలీ టీమ్ యువెంటస్ వైపు జనం గోడ దగ్గర నలిగిపోయారు, గోడ కూలింది, 39 మంది పోయారు, ఎక్కువమంది ఇటలీవాళ్ళు. ఇంగ్లిష్ క్లబ్బులని ఐదేళ్ళు యూరప్ పోటీల్లోకి రానివ్వలేదు. నేను ‘మావాళ్ళు’ పెట్టమన్నది వాళ్ళని మెచ్చుకోడానికి కాదు, ఇరవై ఏళ్ళ కుర్రాడు దాంట్లోకి ఎలా జారిపోతాడో తెలియాలంటే వాడికి వినిపించిన మాటే మనకీ వినిపించాలి. వాడు రౌడీల్లో చేరాలని వెళ్ళలేదు, ఎవరో వాడిని మనవాడు అన్నారు, అందుకు వెళ్ళాడు.

హూలిగన్ అనే మాటని తొందరపడి వాడితే ఏమవుతుందో కూడా చూశాం కదా. 1989లో షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్ అభిమానుల వైపు తొక్కిసలాట, మొత్తం 97 ప్రాణాలు పోయాయి, తప్పు పోలీసుల నిర్వహణది. కానీ పోలీసులు, కొన్ని పేపర్లు కలిసి తాగిన అభిమానులే కారణమని నింద వేస్తే జనం నమ్మేశారు, ఎందుకంటే అప్పటికే లివర్‌పూల్ అభిమాని అంటే హూలిగన్ అనే ముద్ర ఉంది. అభిమానుల తప్పు లేదని, అవి అన్యాయంగా జరిగిన చావులని జ్యూరీ చెప్పేసరికి 2016 వచ్చింది. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు 27 ఏళ్ళు ఆ నింద మోశారు, నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అందుకే సబ్‌టైటిల్‌లో కూడా అభిమాని అన్నచోట అభిమాని అనే రాయి తమ్ముడూ, అల్లరిమూకతో కలిపెయ్యకు.

—

థాంక్యూ అక్కా. నిలబడటం గురించి?

—

‘వెన్ను చూపొద్దు’. మనకి ఎప్పట్నుంచో ఉన్న మాట, యుద్ధానికి సరిపోతుంది, వీధి కొట్లాటకీ సరిపోతుంది. లాయల్టీ అన్నచోట మాత్రం విధేయత, విశ్వాసం పెట్టకు. విధేయత పైవాడి మీద కింది వాడికుండేది, విశ్వాసం అనగానే ఉప్పు తిన్న యజమాని గుర్తొస్తాడు. వీళ్ళ మధ్య ఉన్నది సమానుల మధ్య ఒప్పందం, పక్కవాడు కిందపడితే వదిలేసి పారిపోకూడదు అని. సీన్‌ని బట్టి ‘వదిలెయ్యం’, ‘ఒంటరిగా వదలం’ అని క్రియగా రాసెయ్, నామవాచకం కోసం వెతక్కు. వెస్ట్ హామ్‌కి పడని మిల్‌వాల్ టీమ్ అభిమానులు పాడుకునే పాట, మేమంటే ఎవరికీ ఇష్టం లేదు, మాకేం లెక్కలేదు అనేది, సినిమాలో ఎక్కడైనా వినబడితే ‘మాకేం లెక్క’ చాలు, ఒక లైన్‌లో సరిపోతుంది.

—

ఫైల్ సగం అయింది అక్కా, ముఠాలన్నీ వెతికి మారుస్తున్నా. పోలీసు సీన్లు పక్కన పెట్టి ముందు పబ్ సీన్లు పంపిస్తా, ఒకసారి చూసి చెప్పండి.