ఐదేండ్లలోపే మనిషి గుణం, నమ్మకాలు ఖాయమైపోతయా?

దేవరకొండ పంతులు
అంగన్‌వాడీ శిక్షణల్లో ఒక మాట బాగా తిరుగుతున్నది: "ఐదేండ్లకు మెదడు తొంభై శాతం తయారైతది, గుణం కూడ ఆడికే ఖాయం." మొక్కై వంగనిది మానై వంగునా అని సామెత తోడు. మన దిక్కు ఇది ఊరికే అనుకునే మాట కాదు. దసరా దాటంగనే దేవరకొండ తండాల నుంచి, కోస్గి, నారాయణపేట దిక్కు నుంచి పనులకు పోయేటోళ్లు ఏడాదిన్నర పిల్లను నాయనమ్మ దగ్గర విడిచిపోతరు, ఉగాదికో ఎండాకాలానికో వస్తరు. ఆ పిల్ల గుణం ఆడనే చెడినట్టా? ఆధారం ఉన్న మాట చెప్పుండ్రి. ఇంటి ముచ్చట్లు ఈ చర్చలో వద్దు.

లెక్కల సారు
తొంభై శాతం అన్నది మెదడు పరిమాణం గురించి. గుణం గురించి కాదు. గుణం ఎంత నిలకడగా ఉంటుందో కొలిచిన లెక్కలు వేరే ఉన్నాయి. 2000లో రాబర్ట్స్, డెల్‌వెకియో పాత అధ్యయనాలన్నీ కలిపి చూశారు. కొన్నేళ్ల ఎడంతో ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే, ఆ రెండు కొలతల సహసంబంధం బాల్యంలో 0.31, కాలేజీ వయసులో 0.54, ముప్పై ఏళ్లకు 0.64, యాభై దాటాక 0.74. అసలే మారకపోతే 1 రావాలి. తర్వాతి కొలతలోని తేడాల్లో ఎంత భాగాన్ని మొదటి కొలత చెప్పగలదో తెలియాలంటే 0.31ని వర్గం చేయండి, పదో వంతు కూడా రాదు. ఖాయమవడం ఐదేళ్లకు కాదు, యాభై దాటినా పూర్తికాదు.

మర్రిగూడ
సారూ, సగటు లెక్క మంచిదే. కానీ కొన్ని దెబ్బలకు వయసు గడువు ఉంటది. మన ఫ్లోరైడ్ సంగతే చూడుండ్రి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఎనిమిదేండ్లలోపు తాగితేనే పండ్ల మీద గార పడతది, ఎందుకంటే పాలపండ్లు ఊడినంక వచ్చే పండ్ల పింగాణీ పొర తయారయ్యేది అప్పుడే. పెద్దయినంక తాగితే పండ్లకు రాదు. చిన్నప్పుడు పడ్డది కృష్ణ నీళ్లు తాగినా పోదు.

మనసు విషయంల బుకారెస్ట్ అధ్యయనం ఉన్నది. రుమేనియా అనాథ సంస్థల్లోని 136 మంది పిల్లలు, 6 నుంచి 31 నెలలోళ్లు. చీటీ తీసినట్టు సగం మందిని పెంపుడు ఇండ్లకు పంపిన్రు. రెండేండ్లలోపు పోయినోళ్లకు పెంచినామెతోటి భద్రమైన అనుబంధం కుదిరింది ఎక్కువ, తర్వాత పోయినోళ్లకు తక్కువ. చీటీల పద్ధతి కాబట్టి "అది వాళ్ల రక్తంలనే ఉండె" అని తప్పించుకోరాదు.

కోయిల్‌కొండ అక్క
మర్రిగూడ తమ్మీ, ఆ అధ్యయనం గట్టిదే, కానీ సంస్థకు నాయనమ్మకు పోలిక పెట్టకు. ఆడ షిఫ్టుకొక ఆయా, ఏ మొఖమూ నిలువదు. నాయనమ్మ ఒకే మొఖం, రోజూ అదే. తల్లి పోవుడు కంటే, పోయే తీరు తప్పయితది. మామూలుగా చెడేది ఇట్ల:

పిల్ల పండుకున్నప్పుడు చప్పుడు చెయ్యకుండ బస్సెక్కుతరు. పాలు కూడ అదే రాత్రి మాన్పిస్తరు. నాయనమ్మ ఉపాధి పనికి పోతే పిల్ల ఎనిమిదేండ్ల అక్క సంకల ఉంటది, ఆ అక్క బడి పోతది. నెల తర్వాత అమ్మమ్మ ఊరు, ఇంకో నెలకు మేనత్త ఇల్లు.

చెయ్యవలసింది రెండు మూడు వారాల ముందే మొదలువెట్టాలె. తల్లి ఇంట్ల ఉండంగనే తానం, బువ్వ, పండవెట్టుడు ఒక్కొక్కటిగ నాయనమ్మ చేతికి మారాలె. పాలు మాన్పాలంటే అంతకంటే ముందే, మెల్లగ. పోయేనాడు పిల్ల మేలుకొని ఉండంగనే చెప్పి పోవాలె, ఏడ్చినా సరే. ఫోను రోజూ ఒకటే యాళ్లకు, రెండు నిమిషాలైనా చాలు. తిరిగి వచ్చినప్పుడు పిల్ల తల్లి దగ్గరికి పోదు, నాయనమ్మ కొంగు వట్టుకుంటది. గుంజుకోవద్దు, "నన్నే మర్చినవా" అని తిట్టద్దు. నాయనమ్మను పక్కనే ఉంచి, బువ్వ తినిపించుడుతోటి మళ్ల మొదలువెట్టాలె.

వెంట తీసుకపోతే మంచిదంటరు కొందరు. ఇటుక బట్టీ దుమ్ముల ఏడాది పిల్లను పెట్టుడు మంచిదని నేననను. తీసుకపోయేటోళ్లు టీకాల కార్డు వెంట ఉంచుకోవాలె. తట్టు టీకా తొమ్మిది నెలలకొకటి, పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య ఇంకొకటి; వలసల రెండోది తప్పిపోతది.

డిండి గట్టు
అందరూ పెంపకం మీదే పడ్డరు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు అన్న సామెత కూడ మనదే. కవలల అధ్యయనాల్లో గుణాల తేడాలకు 40–50 శాతం వారసత్వం లెక్క వస్తున్నది. ఒకే ఇంట్ల పెరిగినందుకు పెద్దయినంక గుణంల కలిసే పోలిక చాలా కొంచెం. పిల్లలకు మిఠాయి చూపెట్టి, ఆగితే రెండోది ఇస్తమన్న స్టాన్‌ఫర్డ్ ప్రయోగం ఉన్నది కదా, ఆగినోళ్లే పెద్దయి గెలుస్తరని చెప్పుకునేది. 2018ల సుమారు 900 మంది పిల్లల వివరాలతో మళ్ల చూస్తే ఆ సంబంధం సగమైంది, ఇంటి స్థితి లెక్కల వెడితే మిగిలింది కొంచెమే. ఆకలి తెలిసిన పిల్ల ఇప్పుడే తినుడు తెలివి కూడ కావచ్చు.

లెక్కల సారు
డిండి అన్నా, ఆ శాతం జనంలోని తేడాలకు లెక్క. ఒక పిల్ల గుణంలో సగం రక్తం, సగం ఇల్లు అని పంచడానికి పనికిరాదు. పైగా ఆ కవలలు ఎక్కువమంది తిండికి లోటులేని దేశాల వాళ్లు.

సూర్యాపేట
గుణం, నమ్మకం ఒకే గాటన కడుతున్నరు. నమ్మకం సంగతికొస్తే మన జిల్లా చరిత్రే సాక్ష్యం. "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అంటూ వెట్టి చేసే తల్లిదండ్రుల చేతుల్లో పెరిగిన తరం 1946లో అదే గడీల మీదికి నడిచింది. 1952 ఎన్నికల్లో నల్లగొండ నుంచి ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. ఐదేండ్లకే నమ్మకం గడ్డకడితే ఇది జరిగేది కాదు. రాజకీయ నమ్మకాలు ఎక్కువ కదిలేది దాదాపు 18–25 ఏండ్ల నడుమ అని పరిశోధకులు కూడ అంటున్నరు. కవలల లెక్కల్లో కూడ, ఇంట్ల ఉన్నన్ని రోజులు తల్లిదండ్రుల రాజకీయమే పిల్లలది. ఇల్లు విడిచినంక ఆ పట్టు సడలుతది.

మర్రిగూడ
దొర దిక్కు నిలవడ్డోళ్లు కూడ ఆ ఊళ్లల్లనే, ఆ వెట్టిలనే పెరిగిన్రు కదన్నా.

సూర్యాపేట
నేననేది కూడ అదే తమ్మీ. ఒకటే బాల్యం రెండు దిక్కులకూ మనుషులనిచ్చింది. ఏ దిక్కు పోవాలన్నది పోరాట సంఘం ఊరికొచ్చిన తర్వాతి సంగతి. ఇంకొకటి, నీ ఫ్లోరైడ్ పోలిక సగమే చెప్పినవు. పండ్లకు గడువు ఉన్నది గాని ఎముకలకు లేదు. అవి ఏండ్ల తరబడి తాగిన నీళ్లన్నిటి లెక్క. గుణం పండ్ల లెక్క కంటే ఎముకల లెక్కకు దగ్గర.

కోయిల్‌కొండ అక్క
వాదం బాగుంది గాని పంతులు సారు అడిగింది పిల్ల గురించి. జమైకాల కింగ్‌స్టన్ అధ్యయనం చూడుండ్రి. 1986–87ల, ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లలు, తొమ్మిది నుంచి ఇరవై నాలుగు నెలలోళ్లు. కొందరి ఇండ్లకు వారానికొక గంట ఆరోగ్య కార్యకర్త పోయి, ఇంట్ల దొరికే వస్తువులతో చేసిన బొమ్మలతోటి ఆట నేర్పింది, రెండేండ్లు. ఇరవై ఏండ్ల తర్వాత వాళ్ల సంపాదన దాదాపు 25 శాతం ఎక్కువ. ఒట్టి పాలపొడి, వారానికి కిలో, ఇచ్చినోళ్లకు అంత దూరం నిలిచే లాభం రాలే. ఇండ్లకు బాలామృతం (అంగన్‌వాడీల ఇచ్చే పోషక పిండి) ప్యాకెట్ ఇచ్చి వచ్చుడుతోటి మన పని అయిపోదు.

ఆట తప్పేది ఒక్క కాడనే. పోయిన టీచరే పిల్లతోటి ఆడతది, తల్లి గోడకొరిగి చూస్తది. బొమ్మ తల్లి చేతికో నాయనమ్మ చేతికో ఇయ్యాలె, పిల్ల ఏమన్నా అంటే దానికి బదులు చెప్పేది కూడ వాళ్లే కావాలె. బొమ్మ ఇంట్లనే విడిచి, మరుసటి వారం ఇంకోటి తెచ్చి పాతది తీసుకపోవాలె.

లెక్కల సారు
129 చిన్న సంఖ్య. అమెరికాలో పేద పిల్లలకు పెట్టిన పెర్రీ శిశుబడి అధ్యయనం ఇంకా చిన్నది, 123 మంది. ఇందులో విచిత్రం ఏమంటే, అక్కడ తెలివి పరీక్షలో వచ్చిన లాభం ఎనిమిదేళ్ల వయసుకే కరిగిపోయింది. అయినా నలభై ఏళ్లకు చూస్తే అరెస్టులు తక్కువ, ఉద్యోగాలు ఎక్కువ. మన దగ్గర 2002 నుంచి పాత మహబూబ్‌నగర్ కూడా ఉన్న, అవే పిల్లలను ఏళ్ల తరబడి కొలిచే యంగ్ లైవ్స్ అధ్యయనంలో, ఏడాది వయసుకు గిడసబారిన పిల్లలు కొందరు ఎనిమిదేళ్లకు కోలుకున్నారు. ఐదేళ్ల గీత గీసేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

దేవరకొండ పంతులు
అక్కా, వారానికి గంట అంటే అంగన్‌వాడీ టీచర్‌కు వీలయితదా? పొద్దున బడి పిల్లలు, మధ్యాహ్నం అన్నం, తర్వాత వివరాలు ఫోన్ల ఎక్కించుడు. నాయనమ్మలనే కేంద్రానికి పిలిస్తే? బాలామృతం ఇచ్చేనాడు ఎట్లనైనా వస్తరు.

కోయిల్‌కొండ అక్క
అది నెలకొక్కసారి సారూ, వారానికొకసారి కావాలె. పనికి పోయిన ఇండ్లు ఊరికి ఐదారే ఉంటే రెండు మధ్యాహ్నాలల్ల తిరగొచ్చు. తండాలల్ల ముప్పై ఇండ్లుంటయి, ఆడ ఒక్క టీచర్‌తోటి కాదు. ఆయమ్మకు నేర్పి చెరిసగం పంచుకోవాలె, ఆ గంటకు కూలి ఎవరిస్తరన్నది ముందు తేల్చుకొని.