ఆదర్శ ఫాంటసీ ఆర్‌పీజీలో క్వెస్ట్ మార్కర్ ఉండాలా, వద్దా?

దారితప్పినవాడు
కొత్త ఆర్‌పీజీ (మనం ఒక పాత్రగా మారి కథ నడిపే రోల్ ప్లేయింగ్ గేమ్) ప్రకటన వచ్చిన ప్రతిసారీ ఇక్కడ మ్యాప్ ఎంత పెద్దది, గ్రాఫిక్స్ ఎలా ఉన్నాయి అన్న మాటే తప్ప ఇంకోటి ఉండదు. నా వరకు ఆదర్శ ఫాంటసీ ఆర్‌పీజీకి మొదటి షరతు ఒకటే. తెర మీద ఎటు వెళ్లాలో చూపించే గుర్తు, అంటే క్వెస్ట్ మార్కర్, ఉండకూడదు. 2002లో వచ్చిన మారోవిండ్ గేమ్‌లో పని అప్పజెప్పిన మనిషే దారి చెప్పేవాడు. ఏ ఊరి గేటు దాటాలి, ఏ వాగు వెంట వెళ్లాలి, ఎక్కడ మలుపు తిరగాలి, అన్నీ జర్నల్‌లో (ఆటలోని డైరీలో) పడేవి. మనం చదువుకుని, చుట్టూ చూసుకుంటూ పట్టుకోవాలి. 2006లో ఆబ్లివియన్ వచ్చి కంపాస్ మీద గుర్తు పెట్టింది. అప్పటి నుంచి లోకాన్ని చూడటం మానేసి ఆ గుర్తునే చూస్తున్నాం. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

నిశాచరి
కాదంటాను. మారోవిండ్ నేనూ ఆడాను. బల్మోరా ఊళ్లో మనకు పనులు అప్పజెప్పే కేయస్ కొసాడెస్ మనల్ని హాస్‌ఫాట్ ఆంటబోలిస్ దగ్గరికి పంపిస్తాడు. అతనేమో ఆర్కన్‌థాండ్ శిథిలాల్లోంచి డ్వెమర్ అనే కనుమరుగైన జాతివాళ్ల పజిల్ బాక్స్ తెమ్మంటాడు. తలుపు తెరుచుకోవాలంటే బయట పైపు మీదున్న పిడి తిప్పాలి. లోపలికి వెళ్లాక ఆ పెట్టె ఒక షెల్ఫ్ మీద, చుట్టూ ఉన్న పాత సామానులో కలిసిపోయి ఉంటుంది. ఆ పెట్టె దగ్గరే గేమ్ వదిలేసినవాళ్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. దాన్ని అన్వేషణ అనను. పాప నిద్రపోయాక, మర్నాటి డ్యూటీకి లేచేలోపు దొరికేదే నా టైమ్. అది పెట్టె వెతకడానికే సరిపోతే కథ ఎప్పుడు చూడాలి? మార్కర్ వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసుకోండి. నాకెందుకు తీసేయమంటారు?

పాచికలరాయుడు
మార్కర్ చిన్న విషయం. పోరాటం ఎలా ఉందన్నదే అసలు ప్రశ్న. 2023లో వంతులవారీగా (టర్న్ బేస్డ్) పోరాడే బాల్డర్స్ గేట్ 3 వచ్చాక కూడా రియల్ టైమ్‌లో బటన్లు నొక్కే గేమ్‌ను ఆదర్శం అంటే ఎలా? ఇరవై ముఖాల పాచిక కళ్లెదుట దొర్లాలి. ఓడిపోతే ఎందుకు ఓడిపోయామో తెలియాలి. మారోవిండ్‌లోనూ పాచికలు ఉన్నాయి, కానీ కనపడవు. కత్తి రాక్షసుడికి తగిలినట్టే కనిపిస్తుంది, దెబ్బ మాత్రం పడదు.

ఎల్ఫ్_వద్దు
మళ్లీ ఎల్ఫ్‌లు, డ్వార్ఫ్‌లు, డ్రాగన్‌లేనా? అది ఆదర్శం ఎలా అవుతుంది.

దారితప్పినవాడు
నిశాచరి గారూ, "ఆఫ్ చేసుకోండి" అన్న మాట ప్రతి థ్రెడ్‌లోనూ వింటున్నాను. 2011 నాటి స్కైరిమ్‌లో ఆఫ్ చేసి ఒకసారి ఆడి చూడండి. ఒక పాత్ర దొంగలు దోచుకున్న సామాను ఫలానా గుహ నుంచి తెచ్చిపెట్టమంటాడు. గుహ పేరు చెబుతాడు కానీ అది ఏ కొండ వెనకుందో చెప్పడు. జర్నల్‌లోనూ ఒక వాక్యానికి మించి ఉండదు. గుర్తు ఉంటుందన్న ధీమాతోనే ఆ సంభాషణ రాశారు మరి. దాన్ని తీసేస్తే మిగిలేది అన్వేషణ కాదు, గుడ్డి తిరుగుడు. దారి చెప్పే మాటలను జనం మోడ్‌లుగా (ఆటగాళ్లే గేమ్‌కి చేసుకునే మార్పులుగా) రాసి చేర్చుకోవాల్సి వచ్చింది. అంటే ఆఫ్ బటన్ ఉంది కానీ ఆఫ్ చేస్తే ఆడటానికి గేమ్ లేదు. మీకు మార్కర్ ఇవ్వడం వల్ల నా గేమ్ పోయింది.

కోడ్‌కూలీ
గేమ్‌ల పనిలో కొన్నాళ్లు ఉన్నాను కాబట్టి ఒక కారణం చెబుతాను. మారోవిండ్‌లో సంభాషణ చాలావరకు చదువుకునేదే. ఆబ్లివియన్ నుంచి ప్రతి మాటా గొంతుతో రికార్డయింది. అక్షరాల్లో దారి రాయడానికి ఒక రచయిత ఒక పూట కూర్చుంటే చాలు. గొంతుతో అయితే స్టూడియో, నటుడు, ఆపైన ఇంకో భాషలో డబ్బింగ్. ఇదంతా అయ్యాక లెవెల్ డిజైనర్ ఆ గుహను వాగుకు అవతలి ఒడ్డుకు జరిపితే రికార్డింగ్ మొత్తం వృథా. మార్కర్‌కు ఆ బాధ లేదు, గుహ ఎక్కడికి పోతే అదీ అక్కడికే పోతుంది. బద్ధకంతో పెట్టింది కాదండీ.

దారితప్పినవాడు
కారణం అర్థమైంది. నేను అడుగుతున్నది ఆదర్శ గేమ్ గురించి. ఖర్చు తగ్గించుకున్న గేమ్ గురించి కాదు.

నిశాచరి
ఆదర్శం ఎవరికి? ఎల్డెన్ రింగ్‌లో క్వెస్ట్ లాగ్ లేదు, ఫలానా పాత్ర ఎక్కడికి వెళ్లిందో చెప్పేవాళ్లు లేరు. 2022 ఫిబ్రవరిలో విడుదలైంది, మరుసటి నెల ప్యాచ్‌లోనే మనం కలిసిన పాత్రలను మ్యాప్ మీద చూపించడం మొదలుపెట్టారు. ఎందుకు? జనం ఒక కిటికీలో గేమ్, ఇంకో కిటికీలో వికీ (గేమ్ వివరాలన్నీ ఉండే సైట్) తెరుచుకుని ఆడుతున్నారు. మార్కర్ లేని గేమ్‌కి వికీయే మార్కర్. పైగా వికీ తెరిస్తే తర్వాత ఎవరు చస్తారో కూడా తెలిసిపోతుంది. నాకు అలాగే ఒక పాత్ర కథ పాడైపోయింది, ఆమె చివరి సంగతి ముందే కంటబడింది.

దారితప్పినవాడు
వికీ తెరవమని ఎవరూ బలవంతం చేయలేదు. నిజం చెప్పాలంటే మీకు కావాల్సింది ఆర్‌పీజీ కాదు, పనుల జాబితా. టిక్ పెట్టుకుంటూ పోవడం. దానికి ఫాంటసీ లోకం కట్టడం దండగ.

నిశాచరి
ఆ మాట అనడానికి మీరెవరు? రాత్రి పదకొండు దాటాక కూర్చుని, విచర్ 3లో బ్లడీ బారన్ కథ ముగిశాక నిద్ర పట్టక తిరిగిన మనిషిని నేను. గుట్ట కింది చెట్టులో బందీగా ఉన్న ఆత్మను వదిలేస్తే అక్కడి అనాథ పిల్లలు బతుకుతారు, బారన్ కుటుంబం నాశనమవుతుంది. చంపేస్తే అదే తిరగబడుతుంది. ఆ సంగతి చాలాసేపటి తర్వాత గానీ తెలియదు. ఆ గేమ్ నిండా మార్కర్లే. మినీమ్యాప్ మీద చుక్కల దారి కూడా ఉంది. ఆ చుక్కలు నా నిర్ణయం బరువును ఏం తగ్గించాయి? టిక్ పెట్టుకునేవాళ్లకి నిద్ర పడుతుందండీ.

ఎల్ఫ్_వద్దు
విచర్‌లో కూడా ఎల్ఫ్‌లున్నారు. చెబుతున్నానంతే.

మోడరేటర్
ఎవరికి ఏ గేమ్ ఆడే అర్హత ఉందో తేల్చే థ్రెడ్ కాదిది. వ్యక్తిగత వ్యాఖ్యలు ఇంకోసారి వస్తే తాళం వేస్తాను.

పాచికలరాయుడు
మీ ఇద్దరికీ బాల్డర్స్ గేట్ 3లోనే జవాబు ఉంది. వాకీన్స్ రెస్ట్ అనే సత్రం తగలబడుతుంటుంది, లోపల జనం చిక్కుకుని ఉంటారు. ఆ చుట్టుపక్కలకు వెళ్లకుండా ఎన్ని రాత్రులు లాంగ్ రెస్ట్ తీసుకున్నా మంట మీ కోసం ఆగి ఉంటుంది. ఒకసారి దగ్గరికి వెళ్లి, చూసి, పట్టించుకోకుండా పోయి పడుకున్నారా, ఆలస్యం అయిపోయినట్టే. తొందర లేనివాళ్లకీ న్యాయం, నిర్లక్ష్యానికీ శిక్ష. తలుపు బద్దలు కొట్టడానికి టర్న్ బేస్డ్‌లోకి మారొచ్చు కూడా.

దారితప్పినవాడు
చూశారా, నాకు ఎక్కడ మండుతుందో మీరే పట్టుకున్నారు. ఆ మంట నా కోసం ఆగింది. నేను వచ్చేదాకా అక్కడ ఎవరికీ సెగ తగల్లేదు. ఆ సంగతి తెలిసిన క్షణమే ఆ సత్రం నాకు సత్రం కాకుండా పోయింది, నా రాక కోసం తెర వేసుకుని కూర్చున్న నాటకమైంది. 2001లో వచ్చిన గోథిక్‌లో మనుషులు పొద్దున్నే లేచి పనికి వెళతారు, రాత్రి పడుకుంటారు, ఇంట్లోకి దూరితే బయటికి పొమ్మంటారు. అడవిలోకి తొందరపడి వెళితే ఒక్క దెబ్బకు చచ్చేంత మృగం ఉంటుంది. మన లెవెల్ చూసి అది తగ్గదు. అదే ఆబ్లివియన్‌లో మనం పెరిగేకొద్దీ దారిదొంగలు కూడా ఖరీదైన గ్లాస్ కవచాలు తొడుక్కుని వస్తారు. కొల్లగొట్టడానికి వచ్చినవాడి ఒంటి మీద ఊరు కొనేంత సరుకు! మార్కర్, లెవెల్ స్కేలింగ్, ఆగే మంట, మూడూ ఒకటే జబ్బు. లోకం మన చుట్టూ తిరుగుతోంది.

నిశాచరి
ఇప్పుడు అసలు మాటకొచ్చారు. మొదటి పోస్టులోనే ఇది రాసి ఉంటే మార్కర్ గురించి ఇంత కొట్టుకునేవాళ్లం కాదు. మీకు కావాల్సింది మిమ్మల్ని పట్టించుకోని లోకం. నేను పగలంతా ఉండేది అలాంటి లోకంలోనే. నేను ఉన్నా లేకపోయినా నా వార్డు నడుస్తుంది, రోస్టర్ నన్ను అడక్కుండానే మారుతుంది, నేను ఆలస్యమైతే ఎవరో ఒకరికి జరగాల్సింది జరిగిపోతుంది. అది నిజం మంట. రాత్రి గేమ్ తెరిచాక కూడా నువ్వు రాలేదు కాబట్టి వాళ్లు పోయారు అని చెప్పించుకోవాలా? నేను వచ్చేదాకా ఆగిన సత్రం నాకు నాటకంలా అనిపించదు. నేను చేరుకోగలిగిన ఒకే ఒక్క సత్రం అది.

దారితప్పినవాడు
మీ బాధ కాదనను. నాదీ వినండి. నా పని గోడౌన్‌లో. చేతికి స్కానర్ కట్టి ఉంటుంది. ఏ వరస, ఏ అర, ఎన్ని పెట్టెలు, తర్వాత ఎటు, అన్నీ అదే చెబుతుంది. ఆలస్యమైతే బీప్. నేను ఆలోచించాల్సిన అవసరం ఎక్కడా లేదు, ఆలోచిస్తే పని నెమ్మదిస్తుంది. ఇంటికొచ్చి గేమ్ పెడితే తెర పైన మళ్లీ అదే బాణం, పక్కన అదే జాబితా. నాకు తప్పిపోయే హక్కు కావాలి. తప్పిపోయినందుకు ఏదో ఒకటి జరగాలి కూడా, లేకపోతే తప్పిపోయినట్టు ఎలా అవుతుంది?

కోడ్‌కూలీ
అందరికీ ఆ "ఏదో ఒకటి" దగ్గరే ఆగిపోతుంది. తప్పిపోయిన దారిలో కూడా కథ ఉండాలంటే దాన్ని ఎవరో రాయాలి. విచర్ 2 రెండో అంకంలో రోష్ వైపు వెళితే ఒక శిబిరం, ఇయోర్వెత్ వైపు వెళితే వేరే ఊరు, వేరే మనుషులు. ఒకసారి ఆడి వదిలేసినవాళ్లు అందులో ఒక పక్క ఎప్పటికీ చూడరు. చూడని దానికి డబ్బు పెట్టడానికి నిర్మాతలు వణుకుతారు.

దారితప్పినవాడు
2019లో అవుట్‌వర్డ్ చిన్న జట్టుతోనే చేసి చూపించింది. మ్యాప్ మీద మనం ఎక్కడున్నామో గుర్తే ఉండదు. పాత సేవ్‌ను వెనక్కి లోడ్ చేసుకోవడం కుదరదు. ఓడిపోతే చావు కాదు, ఎవరో మోసుకెళ్లి కాపాడతారు, లేదా దొంగల చెరలో కళ్లు తెరుస్తాం. ఓటమి తర్వాత కూడా గేమ్ ఉంది. మారోవిండ్‌లో జనం దేవుడిగా కొలిచే వివెక్‌ను చంపేస్తే జోస్యం తెగిపోయిందని హెచ్చరిక వస్తుంది. అయినా ఆట ఆగదు. అతని దగ్గరున్న చేతి కవచాన్ని యాగ్రమ్ బగార్న్ అనే పాత్ర దగ్గరికి తీసుకెళితే, ఒంట్లో శక్తి కొంత పోగొట్టుకుని కథ ముగించొచ్చు. ఆ దారి ఉందని గేమ్ ఎక్కడా చాటదు. దేవుడినే చంపినవాడికి కూడా ఒక వాక్యం రాసిపెట్టారు చూడండి, నేను ఆదర్శం అనేది దాన్నే.

నిశాచరి
అది నాకూ నచ్చుతుంది. కానీ మీరు చెప్పిన అవుట్‌వర్డ్ నేను ఆడలేను. పాప ఏడిస్తే మధ్యలో లేచిపోవాలి, తిరిగొచ్చేసరికి చెరలో ఉంటాను. వెనక్కి పోవడం కుదరదంటే నా లాంటివాళ్లకి తలుపు మూసినట్టే. హానర్ మోడ్‌లా ఒకే సేవ్ కావాలనుకున్నవాళ్లు వేరే పెట్టుకోనీ, బాల్డర్స్ గేట్ 3లో అలాగే ఇచ్చారు కదా.

కోడ్‌కూలీ
సరే, మీ ఇద్దరినీ ఒకటే అడుగుతాను. డబ్బు ఒక్కదానికే ఉంది. మార్కర్ తీసేసి ప్రతి దారినీ మాటల్లో రాయించాలా? లేక మార్కర్ ఉంచేసి, సత్రం కాలిపోతే ఆ తర్వాత ఏం జరుగుతుందో రాయించాలా?

దారితప్పినవాడు
రెండోది. బాణం ఉండనివ్వండి, చిరాకు పడుతూనే ఆడతాను. సత్రం మాత్రం నేను రాకపోతే కాలాలి, తర్వాత ఆ బూడిద పక్కన ఎవరో ఒకరు నన్ను నిలదీయాలి.

నిశాచరి
నేను మొదటిదే అంటాను. నాకు దారి చెప్పే మనిషి మాటలు బాగుంటాయి, తీరిగ్గా చదువుకుంటాను, వెతుక్కుంటాను. జర్నల్‌లో సరిగ్గా రాసి ఉంటే చాలు, ఆ పైపు మీద పిడి ఉందని ఒక్క ముక్క చెప్పాలి. మార్కర్ తీసేసుకోండి. మంట మాత్రం నేను వచ్చేదాకా ఆగాలి.

పాచికలరాయుడు
ఏది చేసినా టర్న్ బేస్డ్ ఉండాల్సిందే. దీనికి ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

దారితప్పినవాడు
నిశాచరి గారూ, మంట ఆగే గేమ్‌లో మీరు సత్రం దాకా నడిచి వెళ్లారా, బాణం చూసి వెళ్లారా అన్నదానికి ఇక తేడా ఏముంది? ఎప్పుడు వెళ్లినా అదే సత్రం, అదే మంట. మార్కర్ లేకపోవడం వల్ల మీకు కొత్తగా దొరికేది ఏమిటో చెప్పండి.

నిశాచరి
దారి. మీరు మొదటి పోస్టులో అడిగిందే కదండీ.