రక్తంలో మైక్రోఆర్ఎన్ఏ కొలతకు దేన్ని ప్రామాణికంగా తీసుకోవాలి?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని, బరంపురం):
నమస్కారం. అండాశయ క్యాన్సర్ రోగుల ప్లాస్మాలో (రక్తంలోని ద్రవభాగంలో) మైక్రోఆర్ఎన్ఏలను, అంటే జన్యువుల పనిని నియంత్రించే చిన్న ఆర్ఎన్ఏలను, క్యూపీసీఆర్‌తో (ప్రతులు పెంచుతూ పరిమాణాన్ని లెక్కించే పద్ధతితో) కొలుస్తూ, మిర్-16-5పి అనే మైక్రోఆర్ఎన్ఏను ప్రామాణికంగా, అంటే మిగతావాటిని పోల్చే కొలబద్దగా, వాడుతున్నాను. పర్లాకిమిడి, రాయగడల నుంచి ఎండలో ప్రయాణించి వచ్చిన నమూనాల్లో దాని సీక్యూ విలువ (సంకేతం కనిపించడానికి పట్టే పీసీఆర్ చక్రాల సంఖ్య; ఇది తగ్గితే ఆర్ఎన్ఏ ఎక్కువున్నట్టు) బాగా తగ్గుతోంది. ప్రామాణికంగా యూ6 అనే ఆర్ఎన్ఏకు మారవచ్చునా?

జవాబు (విశ్రాంత అధ్యాపకుడు, బరంపురం):
వద్దమ్మా. యూ6 మైక్రోఆర్ఎన్ఏయే కాదు. అది కేంద్రకంలో ఉండే చిన్న ఆర్ఎన్ఏ, ప్లాస్మాలో నిలకడగా ఉండదు. మిర్-16 ఎర్ర రక్తకణాల్లో సమృద్ధిగా ఉంటుంది కనుక, దారిలో కణాలు చిట్లితే అది ప్లాస్మాలోకి చేరి, దానితో పోల్చి చూసిన ఇతర మైక్రోఆర్ఎన్ఏలు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. కణాలు చిట్లాయో లేదో తెలియడానికి, ముందుగా మిర్-23ఎ-3పి సీక్యూ నుంచి, ఎర్ర రక్తకణాల్లో సమృద్ధిగా ఉండే మిర్-451ఎ సీక్యూను తీసివేసి చూడండి; తేడా 7 దాటిన నమూనాలను, ఎంత కష్టపడి సేకరించినవైనా సరే, పక్కన పెట్టండి.

జవాబు (ల్యాబ్ టెక్నీషియన్, రాయగడ):
రక్తం తీసిన చోటనే సెంట్రిఫ్యూజ్ చేసి (వేగంగా తిప్పి కణాలను వేరుచేసి), ప్లాస్మాను మాత్రమే ఐస్‌లో పంపమని కోరండి మేడమ్. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ కలిపిన గొట్టాలే కావాలి. అదే పనికి వాడే హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది.

జవాబు (జీవరసాయన పరిశోధకుడు, శ్రీకాకుళం):
ఇతరుల ప్రామాణికాన్ని యథాతథంగా స్వీకరించకండి. క్యాన్సర్ రోగులు, నిరపాయకర గడ్డలున్నవారు, ఆరోగ్యవంతులు, ఈ మూడు వర్గాల నమూనాల్లోనూ ప్రామాణికంగా పనికొచ్చే అవకాశమున్న కొన్ని మైక్రోఆర్ఎన్ఏలను కొలిచి, జీనార్మ్, నార్మ్‌ఫైండర్ అనే గణన సాధనాలతో వాటి స్థిరత్వాన్ని పరీక్షించి, నిలిచిన రెండు మూడింటి గుణమధ్యమాన్ని వాడండి. మిర్-200 కుటుంబం అండాశయ క్యాన్సర్‌లోనే మారుతుంది కనుక దాన్ని ఎంచుకోవద్దు. బయటి నుంచి కలిపే సెల్-మిర్-39 (ఒక పురుగుకు చెందిన, మనుషుల్లో లేని మైక్రోఆర్ఎన్ఏ) ఆర్ఎన్ఏ వెలికితీత వంటి ప్రయోగ దశల్లోని నష్టాన్ని మాత్రమే సరిదిద్దుతుంది.