డ్రామా క్లాసులో డైలాగులే నేర్పట్లేదు, మాన్పించాలా?

ప్రశ్న:
మా వాడు ఏడో తరగతి. జవాబు తెలిసినా క్లాసులో చెయ్యెత్తడు. కాస్త ధైర్యం వస్తుందని డ్రామా క్లాసులో చేర్చాను. మూడు నెలలైంది, ఒక్క డైలాగూ రాదు. నిన్న కిటికీలోంచి చూస్తే పిల్లలు ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు. ఒకడు చెయ్యి తిప్పితే రెండోవాడు అద్దంలో బొమ్మలా తిప్పడం, అరగంట ఇదే! వార్షికోత్సవంలో వేషం ఉందా అంటే మాస్టారు నవ్వి ఊరుకున్నారు. మాన్పించేద్దామా?

జవాబు 1:
వద్దు మేడమ్. నేను పన్నెండేళ్లుగా పిల్లలకు డ్రామా నేర్పుతున్నాను. అది అద్దం ఆట. ఇలాంటి ఆటలకు ఒక పద్ధతి తెచ్చింది అమెరికాలో నాటకం నేర్పిన వయోలా స్పోలిన్. 1930ల చివర్లో ఆవిడ షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేశారు.

బిడియస్తుడికి ఉండే టెన్షనంతా "అందరూ నన్నే చూస్తున్నారు" అని. ఈ ఆటలో ఎదుటివాడి మోచెయ్యి ఎటు వంగుతోందో చూసుకోవడానికే సరిపోతుంది, ఇక తన గురించి ఆలోచించే తీరికేది? మధ్యలో మాస్టారు "మార్చు" అంటారు. అప్పుడు వీడు నడిపించాలి. మరీ వేగంగా తిప్పితే అవతలివాడు అందుకోలేడు, నెమ్మదించక తప్పదు. కాసేపటికి ఎవరు నడిపిస్తున్నారో వాళ్లకే తెలియదు. నా క్లాసులో ఒక పాప ఏడాదంతా గుసగుసలే. ఒకరోజు జంట పిల్లాడు తొందరపడుతుంటే "ఆగరా, నేనింకా రాలేదు!" అని అరిచింది. గదంతా వినబడింది.

జవాబు 2:
నన్ను ఆరో తరగతిలో ఏ తయారీ లేకుండా స్టేజీ ఎక్కించారు. రెండో డైలాగు మర్చిపోయాను. తెర వెనకనుంచి అందిస్తున్నా చెవికెక్కలేదు. ఇప్పటికీ మీటింగంటే గొంతు ఎండిపోతుంది. కాబట్టి వేషం కోసం తొందరపెట్టకండి. అలాగని ఆటలతోనే ఏళ్లు గడిపినా కుదరదు, ఎప్పుడో ఒకప్పుడు జనం ముందుకు రావాలి కదా?

జవాబు 1 రాసినవారు:
నిజమే. మధ్యలో ఒక మెట్టుంది, బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోఆల్ మొదలుపెట్టిన ఫోరం థియేటర్. ఒకడి పెన్ను లాక్కుని ఇవ్వట్లేదనుకోండి. ఆ సన్నివేశం రెండోసారి వేసేటప్పుడు, చూసేవాళ్లలో ఎవరైనా "ఆపు" అని లేచి, పెన్ను పోగొట్టుకున్నవాడి స్థానంలోకి వచ్చి తన ఉపాయం చేసి చూపిస్తారు. కంఠస్థం చేసిందేమీ లేదు, మర్చిపోయేదీ లేదు. ఒక్క జాగ్రత్త, క్లాసులో తోటివాళ్లు నిజంగా ఏడిపిస్తున్న పిల్లాడి కథనే తీసుకోకూడదు.

ప్రశ్న అడిగినవారు:
రాత్రి వాడితో అద్దం ఆట ఆడాను. రెండు నిమిషాలకే "అమ్మా, నువ్వు నన్ను చూడట్లేదు, ముందే ఊహించేస్తున్నావు" అన్నాడు. వచ్చే నెల ఫీజు కట్టేశాను.