రోజుకి పది గంటలు లైబ్రరీలోనే కూర్చోవాలా? (యూకే ఎమ్మెస్సీ)

అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది ఒడిశాలో బరంపురం, ప్లస్ త్రీ (డిగ్రీ) అక్కడే చేశాను. ఎమ్మెస్సీకి లీడ్స్ వచ్చి వారమైంది. క్లాసులు వారానికి 12 గంటలే, మిగతాదంతా లైబ్రరీయే అంటున్నారు. పార్ట్‌టైమ్ కూడా చూస్తున్నాను. కుదురుతుందా?

బరంపురం, ఇప్పుడు గ్లాస్గో:
తమ్ముడూ, ముందు మాడ్యూల్ (అంటే ఒక్కో సబ్జెక్టు) హ్యాండ్‌బుక్ తియ్యి. ఇక్కడ 1 క్రెడిట్ అంటే 10 గంటల చదువు. 15 క్రెడిట్ల మాడ్యూల్‌కి 150. వారానికి 3 గంటల చొప్పున 11 వారాల క్లాసులకి 33 పోతే, మిగిలిన 117 నువ్వు సొంతంగా చదవాల్సినవి. సెలవులు, పరీక్షలు కలిపి 15 వారాలకి పంచు. మాడ్యూల్‌కి వారానికి ఎనిమిదికి కాస్త తక్కువ, నాలుగు మాడ్యూళ్లకి కలిపి 31. అందులో సగం లైబ్రరీలో గడిస్తే చాలు. జర్నల్ పేపర్లు యూనివర్సిటీ లాగిన్‌తో గదిలోనే తెరుచుకుంటాయి. మన ప్లస్ త్రీలో లాగా ఆఖరి నెల టెస్ట్ పేపర్లు బట్టీ కొడదామంటే మాత్రం ఆ పప్పులు ఉడకవు.

రాయగడ, ఇప్పుడు షెఫీల్డ్:
బాబూ, ఎన్ని గంటలన్నది తర్వాత, దేనికి వెళ్తున్నావో తేల్చుకుని వెళ్లు. రీడింగ్ లిస్టులో తప్పనిసరి పుస్తకాలు తరచూ షార్ట్ లోన్‌లో ఉంటాయి, కొన్ని గంటలకో ఒక రోజుకో ఇస్తారు. సబ్మిషన్ వారంలో అందరూ వాటి మీదే పడతారు. మూడు వారాల ముందే తీసుకుని, కావాల్సిన ఒక్క అధ్యాయం స్కాన్ చేసుకో. నోట్సులో పేజీ నంబరు, సంవత్సరం అప్పుడే రాయి. పుస్తకంలోని వాక్యం ఎత్తి రాస్తే అక్కడికక్కడే కొటేషన్ గుర్తులు పెట్టు. నెల తర్వాత ఏది నీ మాటో ఏది పుస్తకానిదో నీకే తెలీదు, కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్ రిపోర్టులో మాత్రం తేలిపోతుంది. ఎక్కువమంది కాపీ కేసులో ఇరుక్కునేది ఇలాగే, దొంగబుద్ధితో కాదు.

డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది, మనసు గదికి లాగేస్తుంది. అందుకే పొద్దున్నే వెళ్లు. అన్నట్టు, ఊరగాయ డబ్బా సైలెంట్ ఫ్లోర్‌లో మూత తియ్యకు!

పర్లాకిమిడి, ఇప్పుడు ఆఖెన్:
జర్మనీ వచ్చేవాళ్లు ఈ లెక్క పట్టుకోకండి. ఇక్కడ క్రెడిట్‌కి మామూలుగా 30 గంటలు, సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, అంటే 900. క్లాసులు అయిపోయాకే పెద్ద పరీక్షలు కాబట్టి భారమంతా చివర్లో పడుతుంది. చాలా లైబ్రరీల్లో కోటు, బ్యాగు లాకర్లో పెట్టాలి. దానికి 1 లేదా 2 యూరోల నాణెం జేబులో ఉంచుకోండి.

బరంపురం, గ్లాస్గో:
పార్ట్‌టైమ్ సంగతి. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో, అంటే చదువు నడిచే రోజుల్లో, పని వారానికి 20 గంటలే. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం. ఒక వారం 25 చేసి, తర్వాతి వారం 15తో సర్దేస్తానంటే చెల్లదు. క్లాసులు 12, చదువు 31, పని 20: మొత్తం 63. మొదటి టర్మ్ పది, పన్నెండుతో సరిపెట్టుకో. ఇంకోటి, మాస్టర్స్ వాళ్లకి వేసవి కూడా టర్మ్ కిందకే వస్తుంది. అప్పుడు రాసే డిసర్టేషన్ (థీసిస్) 60 క్రెడిట్లు, 600 గంటలు. జూన్‌లో ఫుల్‌టైమ్ ఇస్తామంటే ఒప్పుకోకు.