మాత్రల ప్యాకెట్ చేతికిచ్చే ముందు ఏం చెప్పాలి?

ప్రశ్న: 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకు గర్భనిరోధక పద్ధతులపై కౌన్సెలింగ్ చేస్తున్నాం. అన్నిటికీ తలూపుతారు, మాత్రలు తీసుకెళ్తారు, రెండు నెలలకే మానేస్తారు. ఒక్కొక్కరికి దొరికేది 10 నిమిషాలే. తప్పకుండా చెప్పాల్సినవేమిటి?

జవాబు 1: తోడొచ్చింది అమ్మైనా భర్తైనా ముందు కాసేపు బయట కూర్చోమనండి. వాళ్లెదుట నిజాలు బయటికి రావు. పద్ధతులన్నీ ఏకరువు పెట్టొద్దు. పిల్లలు ఎప్పుడు కావాలి, రోజూ మాత్ర వేసుకోవడం కుదురుతుందా, ఇంట్లో ఎవరి కంటా పడకూడదా అని అడగండి. ఏది నప్పుతుందో చాలావరకు తేలిపోతుంది.

చాలామంది భయపడి మానేసేది రక్తస్రావం గురించి ముందే చెప్పకపోవడం వల్ల. మాత్రలు మొదలుపెట్టిన మొదటి 3 నెలలు మధ్యమధ్య మరకలు కనిపించొచ్చు. మూణ్నెల్ల ఇంజెక్షన్‌తో నెలసరే ఆగిపోవచ్చు. గర్భాశయం లోపలి పొర పల్చబడటమే కారణం, లోపల పేరుకునేదేమీ ఉండదని చెప్పండి. ఇంజెక్షన్ ఆపాక గర్భం రావడానికి ఏడాది దాకా పట్టొచ్చు కాబట్టి త్వరలో బిడ్డ కావాలనుకునేవాళ్లకు అది వద్దు.

జవాబు 2: మాత్ర మర్చిపోతే ఏం చేయాలో చెప్పనిదే పంపకండి. కంబైన్డ్ మాత్ర (ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిసినది) ఒకటి తప్పితే గుర్తురాగానే వేసుకోవాలి, ఆరోజు రెండు పడినా ఫర్వాలేదు. వరుసగా రెండు, అంతకు మించి తప్పితే తప్పినవాటిలో చివరిది ఒక్కటే వేసుకుని, తప్పిన మిగతావి పారేసి, వరుసగా 7 రోజులు మాత్రలు పడేదాకా కండోమ్ వాడాలి. మూడో వారంలో తప్పితే ప్యాకెట్ చివర వచ్చే హార్మోన్ లేని వారం వదిలేసి నేరుగా కొత్త ప్యాకెట్ మొదలుపెట్టాలి. మొదటి వారంలో తప్పి, గత 5 రోజుల్లో కలయిక జరిగి ఉంటే అత్యవసర మాత్ర గురించి మాట్లాడాలి.

"అర్థమైందా" అంటే అందరూ అవుననే అంటారు. "శుక్ర, శనివారాలు మర్చిపోయారు, ఆదివారం గుర్తొచ్చింది. ఏం చేస్తారు?" అని అడిగి వాళ్ల నోటే చెప్పించండి.

జవాబు 3: అంతకన్నా ముందు బీపీ చూడాలి. 140/90, ఆపైన ఉన్నా, తలనొప్పికి ముందు కళ్లెదుట మెరుపులు, వంకర గీతలు కనిపించే మైగ్రేన్ ఉన్నా కంబైన్డ్ మాత్రలు మొదలుపెట్టకుండా డాక్టర్ దగ్గరికి పంపండి. పక్షవాతం ముప్పు పెరుగుతుంది. క్షయకిచ్చే రిఫాంపిసిన్, మూర్ఛకిచ్చే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్ వాడుతుంటే మాత్ర బలం తగ్గుతుంది. గర్భాశయంలో అమర్చే కాపర్-టీకి ఆ ఇబ్బంది లేదు.

ప్రశ్న అడిగినవారు: పిల్లలు పుట్టనివాళ్లకు కాపర్-టీ వేయొచ్చా?

జవాబు 3: వేయొచ్చు. గర్భాశయ ముఖద్వారంలో ఇన్ఫెక్షన్ ఉంటే మాత్రం ముందు దానికి చికిత్స చేయాలి. కలయిక జరిగిన 5 రోజుల్లోపు వేస్తే అత్యవసర పద్ధతిగానూ పనిచేస్తుంది. ఏది వాడినా సుఖవ్యాధుల నుంచి కాపాడేది కండోమే. నూనెలు, వ్యాజ్‌లైన్ రాస్తే లేటెక్స్ చిరుగుతుందని అబ్బాయిలకూ చెప్పండి.