ఎకరన్నరలో చేపల గుంట తవ్వాలా వద్దా? ఎవురన్నా తేల్చి చెప్పండి

ఏర్పేడు కుర్రోడు:
పొద్దున్నించి వీడియోలు చూసి చూసి తల తిరిగిపోతా ఉండాది. ఒకాయన తొట్లలో పెంచే బయోఫ్లాక్ అంటాడు, ఇంకొకాయన మామూలు గుంటే మేలంటాడు. కొర్రమీనుకు కేజీకి మంచి రేటుంది కదా, అదే వేద్దామని నా ఆలోచన. వేరుశనగతో విసిగిపోయినాం. జేసీబీ వాళ్లకు రేపు మాట చెప్పాల. తవ్వించమంటారా, వద్దంటారా? రెండు ముక్కల్లో చెప్పండన్నా.

పాకాల మోటారు మెకానిక్:
నీళ్లెన్ని? నేల ఏంది? అవి చెప్పకుండా ఏం చెప్పాల.

కైకలూరు చెరువుగట్టు:
బాబూ, మొదటిసారే కొర్రమీను జోలికి పోవద్దండి. గాలి పీల్చుకునే చేప కాబట్టి ఆక్సిజన్ తగ్గినా తట్టుకుంటుంది, నిజమే. కానీ పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది. సైజుల వారీగా మాటిమాటికీ వేరు చెయ్యాలి, మేత ఖరీదు. బొచ్చె, శీలావతితో మొదలెట్టండి. ఎకరాకు రెండు మూడు వేల పిల్లలు చాలు. ఎక్కువ పోస్తే ఎక్కువ డబ్బనుకుని మునిగినవాళ్లను మా వైపు చాలామందిని చూశాను. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ వేళ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ ఆడాలి. అది నేర్చుకోకుండా గుంట తవ్వకండి.

రేణిగుంట తొట్లు:
ఈ కాలంలో గుంట ఎందుకు? బయోఫ్లాక్ పెట్టుకో తమ్ముడూ. జాగా తక్కువ, నీళ్లు తక్కువ. నేను తొట్లలోనే పెంచతా ఉండా.

పాకాల మోటారు మెకానిక్:
టార్పాలిన్ తొట్టిలో గాలి మోటారు పెడితే బయోఫ్లాక్ అయిపోదు. బెల్లమో ఇంకోటో వేసి, బ్యాక్టీరియాను పెంచి, చేపల మలంతో నీళ్లలో పుట్టే అమ్మోనియాను అది తినేటట్టు చేస్తేనే బయోఫ్లాక్. నువ్వు వారంవారం నీళ్లు మారస్తా ఉండావు. అది ఉత్త తొట్టి పెంపకం.

రేణిగుంట తొట్లు:
కొంచెం నీళ్లు మారిస్తే బయోఫ్లాక్ కాకుండా పోతాదా? నాకు ట్రైనింగ్ ఇచ్చినోళ్లే మార్చమన్నారు.

పాకాల మోటారు మెకానిక్:
కొంచెమా, సగమా? రాత్రి కరెంటు పోతే జనరేటర్ ఉందా? తొట్లో గంటా రెండు గంటలు గాలి ఆగితే చేపలు మిగలవు.

శ్రీకాళహస్తి అక్క:
మీ పేర్ల గొడవ తర్వాత చూసుకోండి. తమ్ముడూ, 2020లో మొదలైన మత్స్య సంపద యోజనలో మామూలు వాళ్లకు 40 శాతం, మహిళలకూ ఎస్సీ, ఎస్టీలకూ 60 శాతం సబ్సిడీ పెట్టినారు. మీ ఇంట్లో ఆడవాళ్ల పేరుతో భూమి ఉంటే వాళ్ల పేరుతోనే అడగండి. ఇప్పుడు మీ మండలంలో యూనిట్లు ఇస్తా ఉండారో లేదో మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. సబ్సిడీ డబ్బులు ఆఫీసరోళ్లు వచ్చి పని చూసినాకనే వస్తాయి, పెట్టుబడి ముందు మనదే. ఇంకో మాట, వ్యవసాయం ఉచిత కరెంటు చేపల గుంటకు వాడకూడదు. ఆక్వా కనెక్షన్ వేరే. గుంటకు అనుమతి కూడా కావాల.

ఏర్పేడు కుర్రోడు:
క్యాట్‌ఫిష్ అయితే ఏ నీళ్లలో అయినా బతకతాదంట, నిజమా?

పాకాల మోటారు మెకానిక్:
ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నిషేధం. మళ్లీ అడగతా ఉండా, బోరు సంగతి?

ఏర్పేడు కుర్రోడు:
బోరు ఉండాది. వానాకాలం బాగానే పోస్తాది, ఏప్రిల్, మేలో ఆగి ఆగి వస్తాది. నేల ఎర్ర గరప. భూమి మూడేండ్ల గుత్తకు తీసుకున్నాం.

కైకలూరు చెరువుగట్టు:
అసలు సంగతి ఇదన్నమాట! లెక్క చూడండి. ఎకరంలో అయిదడుగుల లోతు నిలవాలంటే దాదాపు 60 లక్షల లీటర్లు. బోరు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి, నిండటానికి ఎంతసేపు పడుతుందో చూడండి. రెండు నిమిషాలైతే గంటకు 6,000 లీటర్లు. రోజుకు తొమ్మిది గంటలు ఆడినా ఎకరం నిండటానికి నాలుగు నెలలు దగ్గర పడుతుంది, అదీ చుక్క పోకుండా ఉంటే. ఎండాకాలం రోజుకు ఆరు మిల్లీమీటర్లు ఆవిరైనా ఎకరాకు 24,000 లీటర్లు పోయినట్టే. గరప నేలలో ఇంకేది వేరు. తడి మట్టిని ముద్ద చేసి పైకెగరేసి పట్టుకోండి. విడిపోతే ఆ నేల నీళ్లు నిలపదు. షీటు పరచాలంటే మూడేళ్ల గుత్తకు ఆ ఖర్చు తిరిగి రాదు. నా మాట వినండి, తవ్వకండి.

శ్రీకాళహస్తి అక్క:
ఊరి చెరువు చేపల వేలం ఉంటే అది చూడు తమ్ముడూ. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడి చెరువులు నిండతాయి. ఏడాది పెంచిన వంద గ్రాముల పిల్లను అప్పుడు వదిలితే వేసవికి పట్టుకోవచ్చు. మన పక్క పెరటాసి నెలంతా చాలా ఇండ్లలో నీసు ముట్టరు, బేరం పడిపోతాది. సెప్టెంబరు, అక్టోబరులో చేప చేతికొచ్చేటట్టు మాత్రం పెట్టుకోవద్దు. ముందు కరకంబాడి రాస్ కృషి విజ్ఞాన కేంద్రానికి పోయి మాట్లాడు.

ఏర్పేడు కుర్రోడు:
జేసీబీ వద్దని చెప్పేసినా. డ్రమ్ము పెట్టి చూస్తా. థ్యాంక్స్ అందరికీ.

రేణిగుంట తొట్లు:
సగం మార్చేది ఎండాకాలంలోనే. మిగతా రోజుల్లో బయోఫ్లాకే కదా?

పాకాల మోటారు మెకానిక్:
అమ్మోనియా రీడింగులు పెట్టు, చూసి చెప్తా.